దోమకొండ గడి

కామారెడ్డి జిల్లాలోని దోమకొండ గడి 18వ శతాబ్దంలో కామినేని వంశపు సంస్థానాధీశుల నివాసంగా రూపుదిద్దుకున్న కోట. సుమారు 40 ఎకరాల ఆవరణ, చుట్టూ రాతి ప్రాకారం, లోపల అద్దాల మేడ, వీటన్నిటికంటే పాతదైన కాకతీయుల నాటి మహాదేవాలయం ఉన్నాయి. కామారెడ్డి పట్టణానికి ఆ పేరు ఈ వంశపు చిన్న కామిరెడ్డి వల్లే వచ్చిందంటారు. గడుల చరిత్రను ప్రభువుల వంశావళితో మొదలుపెట్టడం మనకు ఆనవాయితీ. అయితే ఈ గడిని గోడల నుంచి చదవడమే సబబు. మేడ కమానుల్లో పశ్చిమాసియా పోకడ, స్తంభాల్లో ఐరోపా పోకడ కనిపిస్తాయి. అవి రెండూ ఒకే ఇంట్లో ఇమిడాయంటే అది దొర అభిరుచి ఒక్కటే కాదు. ఎక్కడి నమూనానో గచ్చులో మలచగల మేస్త్రీల నేర్పు కూడా.

శిథిలమవుతున్న కోటను ఇటీవలి దశాబ్దాల్లో కామినేని వారసులు వాస్తుశిల్పి అనురాధా నాయక్ సాయంతో, పాత పద్ధతిలో సున్నం వాడి బాగుచేయించారు. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో దీనికి మెరిట్ అవార్డు దక్కింది. సిమెంటు ఉండగా సున్నంతో ఇంత ప్రయాస ఎందుకని ఎవరైనా అడగవచ్చు. పాత సున్నపు గోడ తేమను పీల్చి, మళ్లీ బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి రాయిని, గచ్చును తినేస్తుంది. అంటే ఇక్కడ పాత పద్ధతి మురిపెం కాదు, అవసరం. పాత కట్టడాన్ని గీకి కొత్తగా మెరిపించకండి, ఎప్పటికప్పుడు మరమ్మతు చేసుకోండి అంటూ విలియం మోరిస్ 1877లో ఇంగ్లండులో ఒక సంఘమే పెట్టాడు. హస్తకళల (ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్) ఉద్యమానికి మూలపురుషుడైన ఆయన చెప్పినదానికి దోమకొండ సున్నం దగ్గరి చుట్టమే.

అసలు అభ్యంతరం వేరే ఉంది. తెలంగాణలో గడి అంటే వెట్టి, దొరతనం; అలాంటిదాన్ని నిలబెట్టడం ఆ పెత్తనాన్ని పొగడటం కాదా? ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం. గచ్చుపూల అందం వెట్టిని మాఫీ చేయదు. కానీ మోరిస్ సోషలిస్టు కూడా. ఆయనకు గురుతుల్యుడైన రస్కిన్ 1853లోనే, కట్టడాన్ని తూచాల్సింది దాన్ని కట్టిన పనివాడి స్వేచ్ఛతో అని వాదించాడు. ఆ తూకంతో చూస్తే గడిని కూల్చినందువల్ల దొరకు పోయేదేమీ లేదు, అతని పేరు కాగితాల్లో భద్రంగానే ఉంటుంది. పోయేది పనివాడు మిగిల్చిన ఏకైక సాక్ష్యం. ఇదే జిల్లాలో ఎల్లారెడ్డి వైపు మంజీర నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్‌కు ప్రభువు పేరుంది, ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ పేరూ నిలిచింది. అక్కడ రాళ్లు చెక్కిన వేలమంది పేర్లు మాత్రం ఆ కట్టలోనే కలిసిపోయాయి.