తుపాకి కొయ్య, ఇనుప కట్టు: బందరు కోట చరిత్రలో మరుగుపడిన పుట

ఆయుధములలో ధనుస్సునకు దక్కిన కావ్యగౌరవము తుపాకికి దక్కలేదు. గాండీవమునకు పేరున్నది, శార్ఙ్గమునకు పేరున్నది. బందరు కోట గోడలపై ప్రేలిన తుపాకులలో ఒక్కదానికిని పేరు లేదు. తుపాకులు చేసిన వడ్రంగికిని, కమ్మరికిని అసలే లేదు. కోటను పట్టినవారిని, పోగొట్టుకొన్నవారిని మాత్రమే చరిత్ర వ్రాసికొన్నది. కాని తుపాకి నిలుచుటయో, పగులుటయో నిర్ణయించునది కొయ్యయు ఇనుమును కలిసెడి చోటే. ఆ కూర్పు కథ మన పల్లెపట్టుల వృత్తులవారికి చెందిన కథ కూడ.

తుపాకి యను మాట తురుష్క భాషనుండి వచ్చినది. 16వ శతాబ్దిలో దక్కను సైన్యములందు జామగీ తుపాకి వ్యాపించెను. నిప్పంటించిన త్రాటిని ఇనుప కొక్కెమొకటి పట్టుకొని యుండును. మీట నొక్కినంతనే కొక్కెము వంగి మందునకు నిప్పు తగిలించును. మన దేశపు తుపాకిలో ఈ కొక్కెము కొయ్యయందే తీసిన చీలికలో ఇమిడియుండెడిది. చీల్చుటచే బలము తగ్గిన కొయ్యకు ఇరుప్రక్కల ఇనుప రేకులు బిగించెడివారు. గొట్టమును కొయ్యతో బంధించుటకు ఇనుప కట్లు గాని, తీగ గాని, తోలు పట్టెలు గాని చుట్టెడివారు. రోకలికి పొన్ను తొడుగుటయు, బండిచక్రమునకు కాల్చిన పట్టా ఎక్కించుటయు ఎరిగిన చేతికి ఈ పని పరాయిది కాదు. ఇనుమునకును కొరత లేదు. గోలకొండ రాజ్యపు ఇనుమును, ఉక్కును 17వ శతాబ్దిలో డచ్చివారు ఈ తీరమునుండియే ఓడల కెక్కించిరి.

ఇందలి కష్టమేమన, గుండు ముందునకు పోవునపుడు గొట్టము వెనుకకు తన్నును. ఆ తాకిడిని కొయ్య అంతటను సమముగ అందుకొనవలెను. ఎచ్చటనైనను సందున్నచో బలమంతయు ఒక్క అంచుపై పడి కొయ్య పగులును. అందుచేత పనివాడు ఇనుప భాగమునకు దీపపు మసి పూసి కొయ్యలో ఒత్తును, మసి అంటినచోట మాత్రమే ఉలితో సన్నముగ చెక్కును, మరల ఒత్తును. ఇట్లు ఎన్ని మారులు చేసిన అంత బిగువు. చిత్తడి నేలలలో కొయ్య ఉబ్బును, ఇనుము త్రుప్పు పట్టును గనుక నూనె పట్టించుటయు అవసరమే.

ఐరోపా వారు చెకుముకి తుపాకిని తెచ్చిరి. ఇంగ్లీషు సైన్యపు తుపాకిలో గొట్టము అడుగున చిన్న చెవులుండును. కొయ్యకు అడ్డముగ సన్నని చీలలు దిగగొట్టి ఆ చెవులలో నుండి పోనిచ్చెదరు. ఫ్రెంచివారు 1728 నుండి చీలలను విడిచి మూడు ఇనుప కట్లు తొడిగిరి. చీలలను ఊడదీసిన ప్రతిసారియు కొయ్యకు దెబ్బ తగులును. కట్లనైతే సులువుగ జార్చి, గొట్టము తీసి, శుభ్రపరచి మరల తొడుగవచ్చును.

ఈ రెండు దొరతనములును బందరులో తలపడినవి. కర్నలు ఫోర్డు వంగదేశమునుండి తెచ్చిన సేనతో 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధము గెలిచి, 1759 మార్చిలో బందరు చేరెను. ఏప్రిల్ 7వ తేది రాత్రి కోటపై దాడి జరిగినది. నాక్సు తన సిపాయిలతో బురదనేల దాటి ఒక దిక్కున మోసపు దాడి చేయుచుండగా, అసలు దాడి వేరొక దిక్కున సాగెను. తెల్లవారునప్పటికి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్సు లొంగిపోయెను. మంచి కట్లున్న తుపాకి మాత్రమే కోటను కాపాడజాలదని బందరు నిరూపించినది.

అటుపిమ్మట వచ్చిన 1853 నాటి ఎన్‌ఫీల్డు రైఫిలుకు ఇంగ్లీషువారే మూడు కట్లు తొడిగిరి. దాని గొట్టము లోపల మెలికలుగ తీసిన గాడులుండెను. గుండు గిరగిర తిరుగుచు సూటిగ పోవును. దాని తూటాకు పూసిన క్రొవ్వే 1857 తిరుగుబాటునకు ఒక కారణమైనది. తరువాత ప్రభుత్వము దేశీయ సిపాయిల కిచ్చిన తుపాకులకు పైకి అదే కొయ్య, అవే కట్లు. గొట్టము లోపల మాత్రము గాడులు లేవు. నమ్మకము ఎంత సన్నగిలెనో చూపుటకు ఇంతకన్న వేరు సాక్ష్యము అక్కరలేదు.

1878లో లిట్టను ప్రభుత్వము ఆయుధముల చట్టమును తెచ్చెను. దేశీయుడు అనుమతి లేక తుపాకి ఉంచుకొనుటయు, చేయుటయు, అమ్ముటయు నేరమయ్యెను. ఐరోపీయులకు మినహాయింపు లభించెను. నాడు ముడుచుకొనినది నేర్పు కాదు, నేర్పునకు గల చోటు. 1922 ఆగష్టు 22 నుండి 24 వరకు అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనుండి 26 తుపాకులను, 2500లకు పైబడిన తూటాలను తీసికొనవలసి వచ్చుటలో ఆ నిరాయుధీకరణ ఫలితము కానవచ్చును. తెలంగాణ సాయుధ పోరాటమునందు భర్మారు తుపాకులు మరల కనబడినవి.

ఆ నేర్పు సర్కారు కార్ఖానాలోను కొంత నిలిచినది. వంగదేశమున ఇషాపూరులో 1904లో ఏర్పడిన రైఫిలు కార్ఖానా, రెండవ ప్రపంచయుద్ధ కాలమున గ్రెనేడు విసరు రైఫిళ్ల కొయ్యకు గట్టిగ తీగ చుట్టెను. తీగ చుట్టి కొయ్యను పగులనీయకుండ కాచుట మన జామగీ తుపాకి నాటి ఉపాయమే.

స్వతంత్ర భారతము 1959లో క్రొత్త ఆయుధముల చట్టము చేసినది. జాతిభేదము పోయినది, అనుమతి లేక తుపాకి చేయుట నేటికిని నేరమే, అట్లుండుటయే మేలు. కాని మనవారు చేతగాక ఓడిరను మాట నిజము కాదు. పెడనలో కలంకారీ అద్దకమునకై టేకు దిమ్మపై వెంట్రుక వాసి గీతలు చెక్కు చేతిని చూచినవారికి ఆ సంగతి తెలియును. బందరు కోట శిథిలములు చూడబోవు పిల్లలకు సేనానుల పేర్లతోపాటు, పేరు తెలియని ఆ వడ్రంగిని, కమ్మరిని గూర్చియు పెద్దలు చెప్పవలెను.