మీ కుట్టుమిషను ఎక్కడ పెట్టుకున్నారు?

మధ్యాహ్నం భోజనాలై, వంటిల్లు సర్దుకుని, నడుం వాలుద్దామా వద్దా అని ఆలోచించే వేళ ఒకటి వుంటుంది గదా. సరిగ్గా ఆ వేళకే ఏ పక్కవాటాలోంచో మిషను చప్పుడు మొదలవుతుంది. అది పిలుపులాంటిది. ఎదురింటి వదినగారు గుడ్డముక్క పట్టుకుని వచ్చేస్తారు. మేడమీది పిన్నిగారు ఆది జాకెట్టు తీసుకుని దిగుతారు. “ఏం కుడుతున్నావమ్మా?” అన్నది మొదటి ప్రశ్న. మనవరాలి పరికిణీకి టక్కులు వేస్తున్నానని ఒకరు, పండగలోపు ఆరు దిండు గలీబులు పూర్తి చెయ్యాలని ఒకరు, కత్తిరించి మూడు నెలలైన జాకెట్టుకి ఇంకా చేతులు అతకలేదని మరొకరు. రెండో ప్రశ్న పైకి అడగరు గాని కళ్ళతో చూస్తారు. ఈవిడ మిషను ఎక్కడ వేసుకుంది? వెలుతురు ఏ పక్కనుంచి వస్తోంది?

ఈ కబుర్లకు కూడా చరిత్ర వుంటుందా అంటారేమో. వుంది. మనం అనుకునేదానికన్నా పెద్దదే వుంది.

మన అమ్మమ్మల అమ్మమ్మల కాలంలో కుట్టుపనే తక్కువ. చీరకు కుట్టు లేదు, పంచెకు కుట్టు లేదు. రవికెలు, పసిపిల్లల చొక్కాలు, సంచులు, పాతచీరలు పొరలుగా పరిచి కుట్టే బొంతలు, అంతే. ఇవన్నీ సూదీ దారంతో ఏ అరుగుమీదో, పెరటి వసారాలోనో కూర్చుని కుట్టినవే. బొంతకు వేరే గది అక్కర్లేదు, ఎంత బొంతో అంత చోటు. నలుగురూ నాలుగు అంచుల దగ్గర కూర్చుంటారు గనక కబుర్లకు లోటు లేదు. కొలతలు తీసి కుట్టవలసినవి వుంటే దర్జీ వుండేవాడు. తెలంగాణాలో తరతరాలుగా మేరవారి వృత్తి అదే.

చీర కింద లంగా, పైన కత్తిరించి కుట్టిన జాకెట్టు అనే అలవాటు 19వ శతాబ్దం రెండో సగంలో పెరుగుతూ వచ్చింది. రవీంద్రనాథ్ ఠాకూరుగారి వదినగారు జ్ఞానదానందినీ దేవి 1864లో భర్తతో బొంబాయి వెళ్ళారు. అక్కడ పార్శీ స్త్రీలు చీర కట్టే తీరు చూసి నేర్చుకుని, జాకెట్టూ లోపావడాలతో ఆ కట్టును బెంగాలులో ప్రచారంలోకి తెచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే కుట్టుమిషను దేశాలు తిరగడం మొదలుపెట్టింది. మనల్ని మిషను దగ్గరకు నడిపించింది జాకెట్టే అని నేనంటాను.

మరి ఈ మిషను కనిపెట్టిందెవరు? సింగరు అంటారు చాలామంది. కాదండీ. పారిస్‌లో బార్తెలెమీ తిమోనియే అనే దర్జీ 1830లోనే ఒక మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. సైన్యానికి దుస్తులు కుట్టిస్తుంటే, మా నోటి దగ్గర కూడు పోతుందని తోటి దర్జీలు మీదపడి మిషన్లు విరగ్గొట్టారు. అమెరికాలో వాల్టర్ హంట్ అనే ఆయన తరవాత కొద్ది ఏళ్ళకే మంచి మిషను చేసి కూడా పేటెంటు తీసుకోలేదు. సూదిపని చేసుకు బతికే ఆడవాళ్ళ గతేమిటి నాన్నా అని కూతురు అడిగిందట. ఆ అమ్మాయి ప్రశ్న నాకు చాలా నచ్చింది.

ఎలయాస్ హో కథ మరీ విచారకరమైనది. ఆయన మెకానిక్కు. ఒంట్లో బాగుండక పనికి వెళ్ళలేని రోజుల్లో, భార్య ఎలిజబెత్ రాత్రిళ్ళు బట్టలు కుట్టి ఇల్లు గడిపేదట. ఆవిడ చెయ్యి ఎలా కదులుతోందో చూస్తూ చూస్తూ మిషను సంగతి ఆలోచించాడంటారు. మనం సూదికి వెనకవైపు దారం ఎక్కిస్తాం. ఆయన మొనలోనే కన్ను పెట్టి, కింద ఇంకో దారం నడిపించాడు. మన మిషను సూది ఇప్పటికీ అదే. 1845లో బోస్టన్‌లో అయిదుగురు కుట్టుపని ఆడవాళ్ళతో పోటీ పెట్టుకుని గెలిచాడు, 1846లో పేటెంటు వచ్చింది. కొనేవాళ్ళు మాత్రం రాలేదు. లండన్ పోయి నష్టపడి తిరిగొచ్చేసరికి భార్య క్షయతో మంచం పట్టి వుంది, 1849లో పోయింది. ఆవిడ అంత్యక్రియలకు వెళ్ళడానికి ఆయన అరువు తెచ్చుకున్న బట్టలు వేసుకున్నాడని చెబుతారు. లోకానికి కుట్టుమిషను ఇచ్చినవాడికి ఒంటిమీదకు సొంత సూటు లేదు.

ఐజాక్ సింగరు 1851లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన చేసిన మేలు ఏమిటంటే, కాలితో తొక్కే ఏర్పాటు పెట్టి, మిషనును గట్టిగా, అందరూ వాడగలిగేలా చేశాడు. హో కోర్టుకెళ్ళి గెలిచాడు. 1856లో కంపెనీలన్నీ రాజీపడి పేటెంట్లు కలిపేసుకున్నాయి. తరవాత హో ధనవంతుడయ్యాడు, ఎలిజబెత్ చూడలేదు.

ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. యంత్రాలంటే గాంధీగారికి వున్న అభ్యంతరం తెలిసిందే. అయినా 1924లో రామచంద్రన్ అనే విద్యార్థితో మాట్లాడుతూ కుట్టుమిషనుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. సింగరు తన భార్య చేతికుట్టుతో పడే అవస్థ చూడలేక, ప్రేమతో చేశాడని ఆయన భావం. ఆ కథ నిజానికి హో ఇంటికి దగ్గరగా వుంది. సింగరుగారి సంసారాల సంగతి ఇక్కడ వద్దులెండి, పిల్లలే ఇరవైమందికి పైన! పేరు తారుమారైనా మాటలో సారం వుంది. యంత్రం ఎవరి శ్రమ తగ్గించడానికి వచ్చింది అన్నదే ఆయన చూసింది.

తగ్గిందా మరి? అమెరికాలో వీలర్ అండ్ విల్సన్ కంపెనీ లెక్క ఒకటుంది. మగవారి చొక్కా చేత్తో కుడితే 14 గంటల 26 నిమిషాలు, మిషను మీద 1 గంట 16 నిమిషాలు. ఈ లెక్క చూస్తే 13 గంటలు మిగలాలి. మిగిలిన గంటలేమయ్యాయో మీకూ నాకూ తెలుసు. కుచ్చులు వచ్చాయి, టక్కులు వచ్చాయి, లేసులు వచ్చాయి. ఆ దేశపు గౌన్లకు గజాల కొద్దీ కుచ్చులు పెరిగినట్లే మన జాకెట్టుకు బుట్టచేతులొచ్చాయి, పైపింగులొచ్చాయి, లోపల లైనింగు వచ్చింది. ఏడాదికి రెండు జతలు చాలిన పిల్లకు పది జతలయ్యాయి. పని తొందరగా అయ్యే కొద్దీ పని పెరగడం ఆడవాళ్ళ విషయంలోనే ఎక్కువ చూస్తాం.

అమ్మకంలో సింగరు కంపెనీ మహా గడుసుది. మిషను ఖరీదు నూరు డాలర్లకు పైమాటే, మామూలు సంసారులు కొనలేరు. సింగరు భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ 1856లో వాయిదాల పద్ధతి పెట్టాడు. కొంచెం ముందు కట్టి ఇంటికి తీసుకుపొండి, తక్కింది నెలనెలా కట్టండి అన్నాడు. ఇవాళ ఫ్రిజ్జు దగ్గర్నుంచి ఫోను దాకా అందరూ వాయిదాల మీద కొంటున్నారే, ఆ అలవాటును ఇంటింటికీ మోసుకొచ్చిన మొదటి వస్తువుల్లో కుట్టుమిషను ఒకటి. 1870ల నాటికి మన దేశంలోనూ సింగరు వ్యాపారం మొదలైంది. నస్సర్వాన్‌జీ మేర్వాన్‌జీ పటేల్ అనే పార్శీ పెద్దమనిషి దాన్ని నడిపి, ఇక్కడ కూడా వాయిదాలు పెట్టారు. ముందు దర్జీలు కొన్నారు. ఇళ్ళలోకి తరవాత వచ్చింది. మన ఇళ్ళలో వాయిదాలకన్నా చీటీపాటే ఎక్కువ మిషన్లు కొనిపెట్టి వుంటుందని నా అనుమానం.

తరవాత మన మిషను మనకే వచ్చింది. 1930లలో కలకత్తాలో జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ తయారుచేయడం మొదలుపెట్టిన ‘ఉషా’ మిషనుకు లాలా శ్రీరామ్ తమ కుమార్తె పేరు పెట్టారు. లూధియానా మిషన్లు కూడా వచ్చి ధర ఇంకొంచెం అందుబాటులోకి వచ్చింది.

ఇక చోటు సంగతి. మన దేశంలో చేత్తో తిప్పే మిషను అంతగా నిలిచిపోవడానికి కారణం ధర ఒక్కటే కాదు. మనం నేలమీద కూర్చునేవాళ్ళం. పీటంత చోటు చాలు. ఎండ ఎటు జరిగితే అటు జరుపుకోవచ్చు, అయిపోయాక మూత పెట్టి మంచం కిందికి తోసెయ్యొచ్చు. లోపం ఏమిటంటే కుడిచెయ్యి చక్రానికే పోతుంది, గుడ్డ నడపడానికి ఎడమచెయ్యి ఒక్కటే మిగులుతుంది. పొడుగు కుట్టు వేయాలంటే ఇంకొకరు తిప్పాలి. ఎన్ని ఇళ్ళలో పిల్లలు బళ్ళోంచి రాగానే “రా, కాసేపు చక్రం తిప్పు” అని పిలిపించుకోలేదు! మా అమ్మ లంగా అంచు కుట్టేటప్పుడు నేనే తిప్పేదాన్ని. ఆ తిప్పే అరగంటలో విన్న బంధువుల చరిత్ర మరెక్కడా వినలేదు.

కాలిమిషను వచ్చాక రెండు చేతులూ ఖాళీ అయ్యాయి గాని, చోటు తగువు మొదలైంది. అది సామాను. దానికి ముక్కాలిపీట కావాలి, గోడ కావాలి, కిటికీ కావాలి. కిటికీ పక్క చోటు ఇంట్లో ఎవరికి ఇస్తారు? మగవారి పడకకుర్చీకి, పిల్లల చదువుబల్లకు. మిషను ఏ నడవలోనో, మెట్లకిందో వుంటుంది. ఇంకో అన్యాయం చూడండి. మూత వెయ్యగానే అది బల్ల అయిపోతుంది. దానిమీద ఎంబ్రాయిడరీ గుడ్డ, ఆ పైన పూలకూజా, రేడియో, తరవాత టీవీ. కుట్టాలనుకుంటే ముందు ఇవన్నీ దింపాలి. దింపేసరికి పాలవాడు వస్తాడు. ఇప్పుడు ఫ్లాట్లలో బాల్కనీలో చిన్న కరెంటు మిషను పెట్టుకునేవారు పెరిగారు. అక్కడా బట్టలు ఆరేసే తీగతో పోటీయే. నా మాట వినండి, ఏ మూలైనా సరే, రోజూ ఎత్తి దించక్కర్లేని చోటు ఒకటి మిషనుకు ఖాయం చేయించుకోండి. ఎడమపక్కనుంచి వెలుతురు పడితే ఇంకా మంచిది.

చోటు ఇవ్వకపోవడానికి అసలు కారణం, అది పనిగా లెక్కకు రాకపోవడం. జనాభా లెక్కలవారు వచ్చినప్పుడు “మీరేం చేస్తారు?” అంటే మన ఇంట్లోవాళ్ళే “ఏమీ లేదండి, ఇంట్లోనే వుంటుంది” అంటారు. ఆవిడ ఆ నెలలో వీధిలోవాళ్ళకు ఇరవై జాకెట్లు కుట్టి వుంటుంది. కూలి కూడా బజారు దర్జీకి ఇచ్చినంత ఇవ్వం, “ఖాళీగా కూర్చునే గదా కుడుతున్నావు, తగ్గించుకో” అంటాం. నరసాపురం లేసు సంగతి చూడండి. గోదావరి పల్లెల్లో ఆడవాళ్ళు తరాలుగా అల్లిన లేసు సముద్రాలు దాటి పోయింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ ఇళ్ళలో తిరిగి 1982లో పుస్తకం రాసింది. రోజంతా అల్లినా వాళ్ళని పనివాళ్ళు అనలేదు, తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులు అన్నారు. ఆ ఒక్క మాట వల్లే కూలి అంత తక్కువగా వుండిపోయిందని ఆవిడ చూపించింది.

దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు అధ్యక్షురాలిగా 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు వచ్చాక ఎన్నో మహిళా మండళ్ళకు ఊతం దొరికింది. ఒక గది, రెండు మూడు మిషన్లు, ఒక టీచరు. అక్కడ పాతపేపరు మీద జాకెట్టు కటింగు నేర్చుకుని, టైలరింగు లోయరు, హయ్యరు పరీక్షలు రాసి, పిల్లల్ని చదివించుకున్న ఒంటరి ఆడవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమందో. మండలి గదిలో మిషను మీద పూలకూజా పెట్టేవాళ్ళు లేరు.

మీ ఇంట్లో పాత నల్లని సింగరు మిషను వుంటే ఇవాళ ఒక పని చెయ్యండి. కుడివైపు పలకమీద నంబరు వుంటుంది. దాని ముందు ఒకటో రెండో ఇంగ్లీషు అక్షరాలుంటే, వాటినిబట్టి ఏ ఫ్యాక్టరీలో, ఏ ఏడు తయారైందో తెలుస్తుంది. స్కాట్లాండులో గ్లాస్గో పక్కన క్లైడ్‌బ్యాంక్‌లో వున్న ఫ్యాక్టరీదే కావచ్చు. 1913లో ఆ ఒక్కచోటు నుంచే 13 లక్షలకు పైగా మిషన్లు బయటికెళ్ళాయి. అంతకు రెండేళ్ళ ముందు, 1911 మార్చిలో, మిషన్ల చెక్కసామానుకు మెరుగు పెట్టే విభాగంలో ముగ్గురు ఆడవాళ్ళను తీసేసి, ఆ పని మిగిలిన పన్నెండుమంది నెత్తిన వేశారు. కూలి మాత్రం పెంచలేదు. ఆ పన్నెండుమందీ పని ఆపి బయటికొచ్చారు. వాళ్ళ వెనక దాదాపు 11,000 మంది కార్మికులు సమ్మె చేశారు. మూడు వారాలకు ఓడిపోయారు, వందలమంది ఉద్యోగాలు పోయాయి. ఫ్యాక్టరీ కూడా 1980లో మూతపడింది. ఆ మిషన్లు మాత్రం మన వీధుల్లో ఇంకా కుడుతూనే వున్నాయి. నెలకోసారి నూనెచుక్క వేసుకోవాలి, తోలుబెల్టు ఒక్కటి వదులైనప్పుడల్లా కొంచెం కత్తిరించి మళ్ళీ బిగించుకోవాలి.