సంగమతీర సీమ: మహదేవపూర్ గ్రామాలు, ఆలయాలు, ఆనవాళ్లు – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

'తెలుగు' శబ్ద వ్యుత్పత్తిని చర్చించే గ్రంథాలలో కాళేశ్వరం పేరు తప్పక కనిపిస్తుంది. కాకతీయ ప్రతాపరుద్రుని (క్రీ.శ. 1289-1323) ఆస్థానంలోని విద్యానాథుడు 'ప్రతాపరుద్రీయం'లో శ్రీశైల, కాళేశ్వర, దాక్షారామాలతో త్రిలింగదేశాన్ని గుర్తించాడు. 17వ శతాబ్దిలో అప్పకవి ఆ త్రిలింగ పదం నుండే తెలుగును సాధించాడు. ఆధునిక భాషావేత్తలు పలువురు దీనిని అంగీకరించలేదు. 'తెనుగు' దేశ్యపదమనీ, త్రిలింగం దానికి చేసిన సంస్కృతీకరణమనీ వారి వాదం. ఈ వివాదంలో ఏ పక్షం నిలిచినా, కాళేశ్వరం దేశానికి ఒక ఎల్లగా మాత్రమే మిగిలింది. ఆ ఎల్ల మీద ఉన్న ఊళ్ల చరిత్రకు తగిన శ్రద్ధ దక్కలేదు. మహదేవపూర్ మండలాన్ని ఎల్లగా గాక, రెండు ఒడ్డుల నడిమి సీమగా చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

క్షేత్రం, నది:

2016 అక్టోబరు 11 నాటి పునర్విభజనలో మహదేవపూర్ కరీంనగర్ జిల్లా నుండి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వచ్చింది. పడమటి నుండి వచ్చే గోదావరి, ఉత్తరం నుండి దిగే ప్రాణహిత కాళేశ్వరం వద్ద కలుస్తాయి. వార్ధా, పెన్‌గంగ, వైన్‌గంగల నీటిని మోసుకొచ్చే ప్రాణహిత గోదావరి ఉపనదులన్నింటిలో పెద్దది. మొత్తం పరీవాహక ప్రాంతంలో దాదాపు మూడోవంతు దానిదే.

ముక్తీశ్వరాలయ గర్భగుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్నాయి. ఒకటి కాలునిది, అనగా యమునిది, రెండవది ముక్తీశ్వరునిది. ముందు కాలుని అర్చించి, ఆ తరువాత ముక్తీశ్వరుని కొలవడం ఆచారం. ముక్తీశ్వర లింగంలోని రంధ్రాలలో పోసిన జలం భూగర్భమార్గాన సంగమాన్ని చేరుతుందని విశ్వాసం. కనిపించే రెండు నదులకు అంతర్వాహినిగా సరస్వతిని చేర్చి త్రివేణి అనడం ప్రయాగను అనుసరించిన సంప్రదాయమే. జంట లింగాల సంగతి వేరు. ఈ తీరానికి జనం ప్రధానంగా అస్థి నిమజ్జనానికి వస్తారు. మృత్యువు, ముక్తి పక్కపక్కనే కొలువైన గర్భగుడిని ఒడ్డున జరిగే ఆ కర్మకాండతో కలిపి చదవాలే తప్ప, కేవలం శిల్పవిశేషంగా వర్ణించి ఊరుకుంటే క్షేత్రం అర్థం కాదు.

ఊళ్ల పేర్లు:

మహదేవపూర్, కాళేశ్వరం, ఎల్కేశ్వరం అనే పేర్లు శివపరమైనవి. అంబట్‌పల్లి, కన్నెపల్లి, మేడిగడ్డ వంటివి అలాంటివి కావు. మేడి చెట్టు, గడ్డ అనే రెండు అచ్చతెలుగు మాటలు మేడిగడ్డలో స్పష్టంగా వినిపిస్తాయి. దైవం పేరు గుడి ఉన్న చోటును చెబితే, చెట్టు పేరు ఊరు వెలసిన నేలను చెబుతుంది. ఈ నేల అడవి నేల. మద్ది చెట్ల మీద పెరిగే దసలి పట్టుపురుగు, దాని గూళ్ల నుండి తీసే దారం, ఆ నేత మహదేవపూర్‌కు దేవాలయంతో నిమిత్తం లేని మరో గుర్తింపునిచ్చాయి.

ఆవలి ఒడ్డు:

కాళేశ్వరానికి ఎదురుగా ఉన్న సిరొంచ నేడు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఉంది. 1860 ఒప్పందంతో నిజాం ఎడమగట్టు ప్రాంతాలను ఆంగ్లేయులకు వదులుకొన్నాడు. నాటి నుండి నది పాలనా సరిహద్దు అయింది. భాషకు మాత్రం అది సరిహద్దు కాలేదు. సిరొంచ ప్రాంతంలో నేటికీ తెలుగు వాడుకభాష. ఒకప్పుడు పడవల మీద సాగిన రాకపోకలు ఇప్పుడు గోదావరి వంతెన మీదుగా సాగుతున్నాయి. త్రిలింగదేశపు ఉత్తరపు ఎల్ల కాళేశ్వరమన్న మాటను ఆవలి ఒడ్డు తెలుగు తేలికగా ఒప్పుకోదు.

నదిపై కట్టడాలు:

గోదావరిని జలరవాణా మార్గంగా మలచాలని ఆర్థర్ కాటన్ తలచాడు. రాతి అడ్డంకులున్న చోట్ల కాలువలు తవ్వే పని మొదలై, 1871లో ఆగిపోయింది. కాళేశ్వరానికి దిగువనున్న ఇచ్చంపల్లి ఆ అడ్డంకుల్లో ఒకటి. ఆ ఊరి పేరుతోనే తలపెట్టిన జలాశయం 1980 నాటి గోదావరి ట్రిబ్యునల్ తీర్పులో చోటు పొందినా నిర్మాణానికి నోచుకోలేదు.

2016 మే 2న కన్నెపల్లిలో శంకుస్థాపన జరిగిన కాళేశ్వరం ఎత్తిపోతల పథకం 2019 జూన్ 21న ప్రారంభమైంది. మేడిగడ్డ బ్యారేజీకి లక్ష్మి, అన్నారానికి సరస్వతి, సుందిళ్లకు పార్వతి అని పేర్లు పెట్టారు. 2022 జులై వరదలో కన్నెపల్లి, అన్నారం పంపుహౌసులు మునిగాయి. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. స్థలనామ పరిశోధకులు గమనించదగిన విశేషం ఇక్కడుంది: దేవతల పేర్లు అధికార పత్రాల్లో ఉండగా, పత్రికల్లోనూ విచారణల్లోనూ నిలిచినవి మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల అనే ఊరి పేర్లే. కీర్తి కోసం పెట్టిన పేరు పక్కకు తప్పుకొంది; అపకీర్తి భారం ఊరి పేరు మీద పడింది. ఆ ఊళ్లు ఏ నిర్ణయంలోనూ పాలుపంచుకొన్నవి కావు.

2025 మే 15 నుండి 26 వరకు సరస్వతి పుష్కరాలకు జనం కాళేశ్వరం ఘాట్లలో స్నానాలు చేశారు. కంటికి కనబడని ఆ నది పేరుకు అక్కడ వివరణ అక్కరలేకపోయింది. అదే పేరున్న అన్నారం బ్యారేజీని వాడుకలో అన్నారం అనే అంటున్నారు.