రంగురాళ్ల గుర్తింపు

పొలంలోనో, వాగు కంకరలోనో, కొండవాలులోనో దొరికిన రంగురాయి ఏ ఖనిజమో తెలుసుకోవాలంటే దాని కాఠిన్యం, సాంద్రత, విరిగే తీరు, మెరుపు, స్ఫటిక రూపం, దొరికిన నేల చూడాలి. రాయిని చేతికి తీసుకునేలా చేసేది రంగే అయినా, గుర్తింపులో అన్నిటికంటే తక్కువ నమ్మదగినది కూడా అదే.

చాలా ఖనిజాలకు స్వతహాగా రంగు ఉండదు. స్వచ్ఛమైన కురువిందం నీళ్లలా రంగులేకుండా ఉంటుంది. అందులో కొద్దిపాటి క్రోమియం చేరితే కెంపు, ఇనుము, టైటానియం కలిసి చేరితే నీలం. పలుగురాయి కథ ఇంకా విచిత్రం. ఇనుము పరమాణువులున్న పలుగుపై భూమిలోని సహజ రేడియో ధార్మికత పనిచేస్తే అది ఊదా రంగు అమెథిస్ట్ అవుతుంది. అదే రాయిని బాగా వేడిచేస్తే ఊదా పోయి పసుపు వస్తుంది. బజారులో సిట్రిన్ పేరుతో అమ్మే పసుపు రాళ్లు చాలావరకు ఇలా కాల్చినవే. రంగును నమ్మి రాజవంశాలే పొరపడ్డాయి. బ్రిటిష్ రాజకిరీటంలో ‘బ్లాక్ ప్రిన్స్ రూబీ’గా పేరుపడ్డ ఎర్రరాయి కెంపు కాదు, స్పినెల్ అనే వేరే ఖనిజం. మాలకైట్ ఆకుపచ్చ, అజురైట్ నీలం లాంటివి మాత్రం ఈ సూత్రానికి మినహాయింపు. వాటి నిర్మాణంలోనే రాగి ఉంటుంది కాబట్టి రంగు మారదు.

దొరికిన రాయిని ముందు కడిగి ఆరబెట్టాలి. తడి రాయి రంగు ఉన్నదానికంటే నిండుగా కనిపించి మోసం చేస్తుంది. ఎండావానలు తిన్న పై తొక్క కాక, విరిగిన చోట బయటపడ్డ లోపలి భాగం చూడాలి. దొరికిన చోటు రాసిపెట్టుకోవడం కూడా పరీక్షలో భాగమే. దక్కన్ లావా రాళ్లలో గాలిబుడగలు వదిలిన ఖాళీల్లో అగేట్, చాల్సిడనీ, అమెథిస్ట్ ఏర్పడతాయి. ఆ రాళ్లు అరిగిపోయాక ఇవి గట్టివి కాబట్టి మిగిలి, గోదావరి, కృష్ణల కంకరలో చేరతాయి. తూర్పు కనుమల ఖోండలైట్ శిలల్లో గార్నెట్ సర్వసాధారణం. భీమిలి తీరపు ఇసుకలో కనిపించే ఎర్రటి రేణువులు అవే. అదే కనుమల్లో నర్సీపట్నం పరిసరాలు అలెగ్జాండ్రైట్‌కు పేరుపొందాయి. పగటి వెలుతురులో పచ్చగానూ, పాతకాలపు ఫిలమెంటు బల్బు కింద ఎర్రగానూ కనిపించే రాయి అది. అన్ని ఎల్‌ఈడీ దీపాలూ ఈ మార్పును ఒకేలా చూపవు.

కాఠిన్యాన్ని 1812లో ఫ్రెడ్రిక్ మోస్ రూపొందించిన పది మెట్ల కొలమానంతో చెబుతారు. బలపం రాయి 1, జిప్సం 2, కాల్సైట్ 3, ఫ్లోరైట్ 4, పలుగు 7, పుష్యరాగంగా చెలామణి అయ్యే టోపజ్ 8, కురువిందం 9, వజ్రం 10. చేతిగోరు 2.5 దగ్గర, కిటికీ గాజు 5.5 దగ్గర నిలుస్తాయి. ఈ పరీక్షలో జరిగే పొరపాట్లు రెండు. మెత్తని వస్తువు గట్టిదానిపై పొడి వదులుతుంది, అది గీతలా కనిపిస్తుంది. వేలితో తుడిస్తే పోయేది గీత కాదు. రెండోది మరీ ఎక్కువ: గాజును గీసింది కాబట్టి వజ్రమే అనుకోవడం. గాజును పలుగు కూడా గీస్తుంది, గార్నెట్ కూడా గీస్తుంది. గాజు పరీక్ష మెత్తని రాళ్లను పక్కకు తీయడానికే తప్ప విలువైనవాటిని తేల్చడానికి పనికిరాదు.

ఇంట్లో చేయగల పరీక్షల్లో నమ్మకమైనది సాంద్రత. నగల దుకాణాల్లో వాడే, గ్రాములో వందో వంతు చూపే డిజిటల్ కాటా ఉంటే చాలు. ముందు రాయిని పొడిగా తూచాలి. తరువాత నీళ్ల గ్లాసును కాటాపై పెట్టి, సున్నా చేసి, దారం కట్టిన రాయిని అడుగుకూ అంచుకూ తగలకుండా నీటిలో పూర్తిగా ముంచి పట్టుకోవాలి. కాటా అప్పుడు చూపేది రాయి తొలగించిన నీటి బరువు. పొడి బరువును దానితో భాగిస్తే సాపేక్ష సాంద్రత వస్తుంది. 26.5 గ్రాముల రాయిని ముంచినప్పుడు కాటా 10 గ్రాములు చూపితే ఫలితం 2.65, అంటే పలుగు. టోపజ్, వజ్రం 3.5 దగ్గర, కురువిందం 4.0 దగ్గర, జిర్కాన్ సుమారు 4.6 దగ్గర ఉంటాయి. మామూలు సీసాగాజు 2.5 పరిసరాల్లోనే ఆగిపోతుంది. రాయిలో పగుళ్లు, వేరే ఖనిజాల ముక్కలు ఉంటే లెక్క తప్పుతుంది.

ఎర్రరాయి ఉదాహరణ చూస్తే ఒక్క పరీక్ష ఎందుకు చాలదో తెలుస్తుంది. కెంపు సాంద్రత 4.0, ఆల్మండైన్ గార్నెట్‌ది దాదాపు 4.1. కాటా ఎర్రగాజునూ, జాస్పర్‌నూ పక్కకు తీయగలదు కానీ ఈ రెంటినీ విడదీయలేదు. అక్కడ రూపం పనికొస్తుంది. గార్నెట్ పన్నెండు లేదా ఇరవైనాలుగు ముఖాల గుండ్రని స్ఫటికంగా, కురువిందం ఆరు పలకల పీపా ఆకారంలో పెరుగుతాయి. అతినీలలోహిత దీపం కింద చాలా కెంపులు ఎర్రగా వెలుగుతాయి. ఇనుము ఎక్కువున్న గార్నెట్ వెలగదు. ఖమ్మం, అనంతపురం ప్రాంతాల్లో కురువిందం దొరికే చోట్లున్నా, తెలుగు నేలపై చేతికందే ముదురెరుపు గుళికల్లో గార్నెట్లే ఎక్కువ.

విరిగిన తీరు మరికొన్నిటిని తేలుస్తుంది. పలుగు, గాజు గవ్వ లోపలి వంపులా విరుగుతాయి. కాల్సైట్ ఏటవాలు పెట్టె ఆకారపు ముక్కలుగా, అభ్రకం రేకులుగా చీలతాయి. ఒక చుక్క నిమ్మరసమో, వెనిగరో వేస్తే కాల్సైట్ మెల్లగా నురగలు కక్కుతుంది. మెరుపు పూత లేని పింగాణీ పెంకుపై రాస్తే హెమటైట్ ఎర్రటి గీత, పైరైట్ నలుపు గీత పెడతాయి. పైరైట్‌ను బంగారమని భ్రమపడ్డవారికి ఆ ఒక్క గీతే సమాధానం.

ముదురు నీలం, పచ్చ రంగుల్లో నిగనిగలాడే ‘రాళ్లు’ తరచుగా రాళ్లే కావు. లోహాలు కరిగించినప్పుడు మిగిలిన చిట్టెం, అలలకు నునుపెక్కిన సీసాపెంకు జనాన్ని ఎక్కువగా మోసం చేసేవి. భూతద్దంలో గుండ్రటి బుడగలు కనిపిస్తే గాజని అనుమానించాలి. ఒకప్పుడు ఉక్కు తయారీకి పేరుమోసిన నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల పల్లెల్లో పాత కొలుముల చిట్టెం ఇప్పటికీ నేలపై పడి ఉంటుంది.

కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర, అనంతపురం జిల్లా వజ్రకరూరు పొలాల్లో తొలకరి పడగానే మొదలయ్యే వజ్రాల వేటలో చేతికొచ్చేవి చాలావరకు పలుగు ముక్కలే. ముడి వజ్రం నగలోని వజ్రంలా తళుక్కుమనదు. నూనె రాసినట్టుండే మెరుపు, ఎనిమిది ముఖాల రూపం లేదా అంచులరిగిన గుండ్రదనం, ముఖాలపై చిన్న త్రికోణపు గుంటలు దాని గుర్తులు. వజ్రమైతే సుత్తిదెబ్బకు పగలదన్న నమ్మకం వట్టిది. గట్టితనం వేరు, దెబ్బకు ఓర్చుకోవడం వేరు. వజ్రం నాలుగు దిశల్లో సులువుగా చీలుతుంది కాబట్టి ఆ పరీక్ష అసలు వజ్రాన్నే నాశనం చేస్తుంది. వేడి ప్రసారాన్ని కొలిచే పెన్ను ఆకారపు పరికరం పలుగును పట్టిస్తుంది కానీ కృత్రిమ మాయిసనైట్‌ను వజ్రమనే చూపుతుంది.

తుది నిర్ణయం ప్రయోగశాలది. అక్కడ వక్రీభవన గుణకం కొలుస్తారు: పలుగుకు 1.54 నుంచి 1.55, స్పినెల్‌కు 1.72, కెంపుకు 1.76 నుంచి 1.77. సందేహం మిగిలితే రామన్ వర్ణపటమాపకం ఖనిజాన్ని నేరుగా గుర్తిస్తుంది. విశ్వవిద్యాలయాల భూగర్భశాస్త్ర విభాగాలు, జైపూర్‌లోని రత్నపరీక్షాశాల లాంటి సంస్థలు ఈ పని చేస్తాయి. రాయి అమ్మిపెడతానని వచ్చిన దళారి చెప్పే పేరు, ధర పరీక్ష కిందకు రావు.

రాయికి మధ్యలో బెజ్జముంటే అది భూగర్భశాస్త్రం పరిధి దాటి పురావస్తువు అవుతుంది. తెలుగు నేలపై శాతవాహనుల నాటి స్థలాల్లో అగేట్, కార్నీలియన్ పూసలు దొరికాయి. పుదుచ్చేరి దగ్గరి అరికమేడు గార్నెట్ పూసల ముడిసరుకు కొత్తగూడెం ప్రాంతపు గరీబ్‌పేట నుంచి వెళ్లిందని ఖనిజ పరీక్షలు చూపాయి. అలాంటి పూసను కడిగి మెరుగుపెట్టకుండా, చోటు చెప్పి పురావస్తు శాఖకు అప్పగించాలి.

నేలపై కనిపించిన రాయిని ఏరుకోవడానికీ, గొయ్యి తవ్వడానికీ చట్టం దృష్టిలో చాలా తేడా ఉంది. లీజు లేకుండా ఖనిజం తవ్వడం 1957 నాటి గనులు, ఖనిజాల అభివృద్ధి, నియంత్రణ చట్టం కింద శిక్షార్హం. రిజర్వు అడవిలో అయితే అటవీ చట్టాలూ వర్తిస్తాయి. విశాఖ మన్యంలో రంగురాళ్ల కోసం దొంగతనంగా తవ్విన గోతులు కూలి మనుషులు చనిపోయారు.