ఈమెయిలు పొలిమేర దాటిన విధము

1971వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమందలి కేంబ్రిడ్జి పట్టణమున, బోల్ట్ బెరనెక్ అండ్ న్యూమన్ అను సంస్థలో ఉద్యోగియైన రే టామ్లిన్సన్, ప్రక్కప్రక్కనే యుండిన రెండు పీడీపీ-10 యంత్రములలో ఒకదానినుండి రెండవదానికి ఆర్పానెట్టు మూలమున ఒక సందేశమును పంపి, మనుష్యుని పేరునకును యంత్రము పేరునకును నడుమ @ గుర్తును నిలిపెను. ఈమెయిలు చరిత్ర చెప్పువారు సామాన్యముగా ఇచ్చటనే ప్రారంభించి, ఆ గుర్తును కీర్తించి విరమింతురు. అసలు చిక్కంతయు ఆ గుర్తునకు కుడివైపున నున్నది. ఆ పేరుగల యంత్రము ఎచ్చట నున్నది, అచ్చటికి త్రోవ యేది, అది పలుకనిచో ఉత్తరమును ఎవరు భద్రపఱుపవలెను అను ప్రశ్నలకు సమాధానము కుదురుటకు ఇంచుమించు 15 ఏండ్లు పట్టినది.

తొలిదినములలో యంత్రముల సంఖ్య స్వల్పము కాన, వాని పేర్లును సంఖ్యాచిరునామాలును గల పట్టిక నొకదానిని కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డు పరిశోధన సంస్థవారు సిద్ధపఱచి యుంచగా, తక్కినవారు దానిని తెచ్చుకొని తమ యంత్రములలో నింపుకొనుచుండిరి. ఉత్తరములకు వేఱు వాహనము లేక, ఫైళ్లను చేరవేయు పద్ధతిలోనే అవియు కలిసి పోవుచుండెను. ఆ దశను గూర్చి ఇంతకంటె చెప్పవలసిన దంతగా లేదు.

ఆర్పానెట్టులో ప్రవేశము లేని విద్యాలయములకును సంస్థలకును మఱియొక మార్గము దొరికినది. బెల్ ప్రయోగశాలలో మైక్ లెస్క్ 1970వ దశకపు ఉత్తరార్ధమున రచించిన యూయూసీపీ అను ప్రోగ్రాము, ఒక యూనిక్సు యంత్రముచేత మఱియొకదానికి టెలిఫోను చేయించి, తనయొద్ద ప్రోగుపడిన ఉత్తరముల నప్పగించి, అచ్చటివానిని తీసికొని, ఫోను పెట్టివేయుచుండెను. టెలిఫోను ఖర్చు రాత్రివేళ తక్కువ కాన ఈ వ్యవహారము చాలవఱకు నిశీథమందే నడచెడిది. పూర్వము తపాలా బంట్రోతులు మజిలీ మజిలీకి సంచి మార్చుకొనినట్లు, ఉత్తరము యంత్రమునుండి యంత్రమునకు చేతులు మారుచు పోయెడిది. కాని ఆ మజిలీల పేర్లన్నియు ఉత్తరము వ్రాయువాడే వరుసగా, నడుమ నడుమ ఆశ్చర్యార్థకపు గుర్తు లుంచి, చిరునామాలో వ్రాయవలసి యుండెను. ఇల్లినాయి రాష్ట్రమందలి నేపర్‌విల్లులో బెల్ సంస్థకు చెందిన ‘ఐహెచ్ఎన్‌పీ4’ అను యంత్రము అందఱికిని కూడలియై ప్రసిద్ధి చెందినందున, పలువురు తమ చిరునామాను ఆ కూడలినుండి మొదలుపెట్టి చెప్పుకొనెడివారు. నడుమ నొక యంత్రము చెడిపోయినను, దాని యజమాని సంబంధము త్రెంచుకొనినను, ఉత్తరము గతి యేమైనదో పంపినవానికి ఒక్కొక్కప్పుడు తెలియనే తెలియదు. తరువాత పాథలయాస్ అను ప్రోగ్రాము వచ్చి, యంత్రసంబంధముల పటములను చదివి, తక్కువ వ్యయముగల త్రోవను తానే లెక్కించి యిచ్చుటతో ఈ క్లేశము కొంత తగ్గినది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో ఈ రెండు లోకములును తారసిల్లినవి. అచ్చట ఆర్పానెట్టు సంబంధము ఇన్‌గ్రెస్ అను డేటాబేసు పరిశోధన బృందము వారి యంత్రమునకు కలదు. దానికి తగిలింపదగిన టెర్మినళ్లు కొన్నియే. ఉత్తరములకొఱకు దానిపై తమకును ఖాతా కావలెనని అడుగువారో అనేకులు. ఆ బృందమందలి ఎరిక్ ఆల్మన్, అందఱికి ఖాతాలిచ్చుటకంటె ఉత్తరములనే ఒక నెట్‌వర్కునుండి మఱియొకదానికి మార్చి పంపుట సులభమని తలచి ‘డెలివర్‌మెయిల్’ను వ్రాసెను. అదియే పెరిగి 1983లో ‘సెండ్‌మెయిల్’ అను పేరుతో బర్క్‌లీ యూనిక్సుతోపాటు వెలువడినది. దాని అమరిక ఫైలును చదివి తల పట్టుకొనని నిర్వాహకు డరుదు. ఐనను పెక్కేండ్లు ఇంటర్నెట్టు ఉత్తరములలో అధికభాగము దాని చేతిమీదుగానే నడచినది.

1982 ఆగస్టులో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ పోస్టెల్ ప్రకటించిన ఎస్‌ఎమ్‌టీపీ నియమావళి, రెండు సర్వర్లు మాటలాడుకొనవలసిన తీరును నిర్ణయించినది. పంపెడు సర్వరు ఎదుటి యంత్రముయొక్క 25వ పోర్టును తట్టగా, అది 220 అను సంఖ్యతో స్వాగతము చెప్పును. ఇది తన పేరు చెప్పుకొని, పంపువాని చిరునామాను, పిదప గ్రహీత చిరునామాను తెలుపును. ఒక్కొక్క మాటకును 250 అని అనుమతి వచ్చినమీదట ‘డేటా’ అనగా, ఎదుటిది 354తో ‘కానిండు’ అనును. అంతట ఉత్తరము పంక్తి పంక్తిగా సాగి, ఒంటరి చుక్క గల పంక్తితో ముగియును. మఱి వ్రాసినవాడే ఉత్తరము మధ్య ఒక పంక్తిలో చుక్కను మాత్రమే పెట్టియున్నచో? పంపెడు సర్వరు చుక్కతో ప్రారంభమగు ప్రతి పంక్తికిని ముందు మఱియొక చుక్కను చేర్చును, పుచ్చుకొనునది దానిని తొలగించును. ఇంత స్వల్పవిషయమును గూడ విడువని ఆ జాగరూకత నాకు ముచ్చట గొల్పును. తుదిచుక్క పిమ్మట వచ్చు 250 అను సమాధానముతో ఉత్తరము బాధ్యత పుచ్చుకొన్నవానిదగును. అది వచ్చువఱకు పంపెడు సర్వరు తన ప్రతిని చెఱుపరాదు. 4తో మొదలగు సమాధానము వచ్చినచో అడ్డంకి తాత్కాలికము కాన ఉత్తరమును వరుసలో నుంచి మరల యత్నింపవలెను. 5తో మొదలైనచో అది నిరాకరణమే కాన పంపినవానికి తెలియజేయవలెను. యత్నమునకు యత్నమునకు నడుమ 30 నిమిషములైన వ్యవధి నీయవలెననియు, 4, 5 దినములకు ముందు ఆశ వదలుకొనరాదనియు 1989నాటి నియమములు బోధించినవి.

త్రోవ ప్రశ్న వేఱుగా పరిష్కృతమైనది. 1983లో పాల్ మోకపెట్రిస్ డొమైను పేర్ల వ్యవస్థను రూపొందించి, స్టాన్‌ఫర్డు పట్టిక భారమును పెక్కు సర్వర్లకు పంచిపెట్టెను. 1986 జనవరిలో క్రెయిగ్ పార్ట్రిడ్జి వ్రాసిన ఒక చిన్న పత్రము, ఉత్తరములకై ఎమ్ఎక్స్ అను నమోదును వాడవలసిన విధమును స్థిరపఱచినది. ఒక సంస్థ తన పేరిట వచ్చు ఉత్తరములను ఏయే యంత్రములు పుచ్చుకొనునో, ఒక్కొక్కదానికి ప్రాధాన్యసంఖ్యతో సహా, తానే ప్రకటించును; పంపెడు సర్వరు అన్నిటికంటె చిన్న సంఖ్య గలదానిని ముందు పిలిచి, అది పలుకనిచో తరువాతిదానిని పిలుచును. ఆ జాబితాలో తన పేరే కనబడినచో, తన సంఖ్యకు సమానమైనవానిని, అంతకు పెద్దవానిని కొట్టివేయవలెనన్న నిబంధనవలన ఉత్తరము రెండు యంత్రముల నడుమ గిరగిర తిరుగుట తప్పినది. ఇంటర్నెట్టు లేక టెలిఫోనుతోనే నెట్టుకొనివచ్చు చిన్న కళాశాల సైతము, ఇంటర్నెట్టునందున్న మిత్రసంస్థ యంత్రమును తన ఎమ్ఎక్స్‌గా చూపి, పెద్దలతో సమానమైన చిరునామా పొందగలిగినది. వ్రాయువాడిక ఎఱుగవలసినది గమ్యమునే గాని త్రోవను కాదు. @ గుర్తునకు దక్కిన కీర్తిలో సగమైనను ఈ పత్రమునకు దక్కకపోవుట అన్యాయము.

ఆ కాలపు సర్వర్లు ఎవరి ఉత్తరమునైనను పుచ్చుకొని ముందునకు పంపుట మర్యాదగా నుండెడిది. 1990వ దశకమున ప్రకటనలు వెదజల్లువారు ఆ మర్యాదను దుర్వినియోగము చేయగా, 1998లో వెలువడిన సెండ్‌మెయిల్ 8.9, నిర్వాహకుడు ప్రత్యేకముగా అనుమతించిన గాని అపరిచితుల ఉత్తరములను మోయనని నిరాకరించినది.

పోస్టెల్ నియమావళి ప్రకారము ఉత్తరమందలి ప్రతి అక్షరమును 7 బిట్లలో ఇమడవలెను. అనగా ఆంగ్లలిపికే చోటు. కొంత అందువలనను, కొంత తెలుగు ఖతుల లేమివలనను, 1990వ దశకమున అమెరికాలోని తెలుగువారు తమ మాటలను రోమను లిపిలో వ్రాసికొనుచు, రైస్ విశ్వవిద్యాలయమున పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి నవలంబించిరి. 1992నాటి మైమ్ నియమములతో ఏ లిపియైనను 7 బిట్ల వేషము ధరించి ప్రయాణించుట సాధ్యమైనది. చిరునామాను సైతము తెలుగులో వ్రాయనిచ్చు నియమము 2012లో వెలువడినది. కాని తరువాతి సర్వరు తాను దాని నెఱుగుదునని చెప్పనిచో, పంపెడు సర్వరు అట్టి ఉత్తరమును ముందునకు పంపరాదు, పంపినవానికే త్రిప్పి యీయవలెను.