గోదావరీ తీరమున వచనకథా బోధన

పద్యమును బోధించుటకు మన పూర్వులు ఏర్పరచిన మార్గము సుప్రసిద్ధము. పదవిభాగము, అన్వయము, ప్రతిపదార్థము, తాత్పర్యము, అలంకారము అను క్రమమున పద్యము శిష్యుని నోట నిలిచెడిది. వచనకథకు అట్టి సంప్రదాయము లేదు. కథను వినుట కలదు గాని దానిని గూర్చి వ్రాయుట మన వీధిబడులలో లేదు. ఆ పని మన విద్యాలయములలో ఎట్లు ప్రవేశించెనో, ఎచ్చట త్రోవ తప్పెనో విచారింపవలసి యున్నది.

1853లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడెను. మిత్రలాభ మిత్రభేదములు తరతరముల విద్యార్థులకు వచనపాఠములైనవి. కాని పండితులు వానిని పద్యమువలెనే చెప్పిరి. సంధులు విడదీసి, సమాసములకు విగ్రహవాక్యములు చెప్పిన పిదప, నక్క అట్లేల పలికెనని అడిగిన విద్యార్థి అరుదు; అడిగినవానికి బదులు చెప్పిన గురువు మరియు అరుదు. ఇది సూరిగారి దోషము కాదు. భాష నేర్పుటకు ఆయన కథను సాధనముగా గ్రహించెను. పిదపివారి చేతిలో అది సాధనముగనే మిగిలిపోయెను.

కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధనిలో మొదలై, 1880లో గ్రంథమయ్యెను. గోల్డుస్మిత్తు నవల ఛాయ అందు కలదు. అయినను కథ జరిగినది ధవళేశ్వరమున; మన బాలురు ఎరిగిన గోదావరి, ఎరిగిన రేవులు. స్వర్ణవిద్య కలదని చెప్పిన బైరాగిని నమ్మి, చదువుకొన్న గృహస్థుడు ఏల మోసపోయెను? ఈ ప్రశ్నకు సమాధానము నిఘంటువున దొరకదు. చదివినవాడు తన ఇరుగుపొరుగును, తన ఇంటిని తలచుకొని చెప్పవలసినదే. కథాబోధనకు ఇంతకంటె మంచి ద్వారము ఆనాడు లేదు.

ద్వారము తెరచుకొన్నది గాని, లోపలికి పోవు విద్యార్థి ఏ భాషలో మాటలాడవలెనను తగవు పుట్టెను. మదరాసు విశ్వవిద్యాలయపు పరీక్షలలో తెలుగు వ్యాసరచన చేరిన పిదప, 1911 మొదలు నాలుగైదేండ్లు ఆ వివాదము సాగెను. పాఠశాలల తనిఖీ అధికారి యేట్సు దొర, పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి పంతులు ఒక ప్రక్క నిలిచిరి. రెండవ ప్రక్క ముఖ్యుడు జయంతి రామయ్య పంతులు. ఆయన జన్మస్థలము ముక్తేశ్వరము, కె.గంగవరమునకు చేరువనున్న కోటిపల్లి రేవున పడవ యెక్కినచో ఆవలి యొడ్డున నున్న ఊరే. ఆంధ్ర సాహిత్య పరిషత్తును నడపి, సూర్యరాయాంధ్ర నిఘంటువునకు పాటుపడిన ఆ మహనీయుని చులకన చేయరాదు. జిల్లాకొక మాట పరీక్షాపత్రమున చేరినచో దిద్దువానికి ప్రమాణమేది, ప్రాచీన కావ్యములతో బాలునికి సంబంధమేమి మిగులునను భయము తేలికైనది కాదు. 1913లో ఆయన గ్రాంథికమును సమర్థించుచు ఆంగ్లమున గ్రంథము ప్రకటించెను. ఆ యేడే గిడుగువారు తమ విజ్ఞప్తి పత్రమును వెలువరించిరి. గ్రాంథికము వ్రాయుమని శాసించు పండితుల వచనములోనే తప్పులున్నవని గిడుగువారు ఉదాహరణములతో చూపిరి. 1914లో గురజాడవారు ఉపసంఘమునకు తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. అయినను గ్రాంథిక పక్షమే గెలిచెను.

ఆ తీర్పు ఫలము విద్యార్థి కాగితముపై కనబడెను. కథ చదివి తనకు తోచినది వ్రాయబోవు బాలునికి మొదట అరసున్న అడ్డము వచ్చును, పిదప శకటరేఫము. ఆ రెండును దాటునప్పటికి తోచినది మరుగున పడును. అందుచేత వాడు గురువు చెప్పిన తాత్పర్యమును కంఠస్థము చేసి అప్పగించెను. పొలము గట్టు త్రొక్కక, పోయిన యేటి అడంగలు చూచి ఈ యేటి పంట వ్రాసినట్టిది ఆ వ్రాత. లెక్క చూచుటకు ఇంపుగా నుండును. పొలములో ఏ పైరున్నదో మాత్రము తెలియదు.

ఈ తగవునకు ముందే, 1910లో గురజాడవారి దిద్దుబాటు ఆంధ్రభారతిలో వచ్చెను. రాత్రి ఆలస్యముగ ఇల్లు చేరిన భర్తకు భార్య కనబడదు. ఉత్తరము మాత్రము కనబడును. కమలిని కథలో పలికినది స్వల్పము. ఆమె యెట్టిదో తెలియవలెనన్న, భర్త తొట్రుపాటునుండి, నౌకరు మాటలనుండి, ఆ ఉత్తరపు వరుసనుండి కూర్చుకొనవలెను. సంగ్రహము వ్రాయుమన్నచో పది వాక్యములలో ముగియును. ఆమె మంచము క్రింద ఏల దాగెనో వ్రాయుమన్నచో విద్యార్థి మరల మొదటినుండి చదువవలసి వచ్చును.

వీరేశలింగముగారు తుదిదినములలో మనసు మార్చుకొని, 1919లో రాజమహేంద్రవరమున ఏర్పడిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజమునకు అధ్యక్షత వహించిరి. ఆ మే నెలలోనే స్వర్గస్థులైరి.

పొలమూరువారైన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి మార్గమును ఇట్టిదే. ఆంగ్లవిద్య లేక, వేదశాస్త్రములే నేర్చిన ఆయన మొదట గ్రాంథికమున నవలలు వ్రాసి, పిదప గోదావరి ఇండ్లలోని పలుకుబడినే కథకు ఇచ్చిరి. నేడు పరీక్షలలో వ్యావహారికమునకు అభ్యంతరము లేదు. కాని అంగడి గైడులో పాత్రస్వభావము అచ్చై యుండగా, వెనుకటి కంఠస్థమే క్రొత్త భాషలో సాగుచున్నది.

శ్రీపాదవారి వడ్లగింజలు చేపట్టిన ఉపాధ్యాయునికి ఈ సంగతి వెంటనే తెలియును. చదరంగపు గడులకు రెట్టింపు లెక్కన గింజలు కోరిన ఆటగాని కథ అది. అరువదినాలుగు గడులకు మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. ఇరువది యంకెల సంఖ్య. లెక్కవచ్చిన బాలుడు దీనిని వేసి పెట్టి పాఠమైనదనును. మహారాజు ఎదుట నిలిచిన పేదవాడు బంగారమునకు బదులు వడ్లగింజలను కోరుటలో ఏమి చెప్పుచున్నాడని అప్పుడు అడుగవలెను. ఆ ప్రశ్నకు తరగతిలో మొదట చేయి యెత్తువాడు తరచుగా లెక్క తప్పిన బాలుడే.