వీధిబడి మీద మెదడు శాస్త్రం తీర్పు

పెద్దకడుబూరు, ఆదోని, ఎమ్మిగనూరు ఇప్పుడు కర్నూలు జిల్లాలో ఉన్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాది. అందుకే రెండు వందల ఏళ్ల కిందట ఈ సీమ పిల్లలు ఎలా చదువుకున్నారో తెలియాలంటే బళ్లారి కలెక్టరు కచేరీ నుంచి వెళ్లిన ఒక నివేదిక తిరగెయ్యాలి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో కలెక్టర్లందరినీ బడుల లెక్క అడిగాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823 ఆగస్టులో లెక్కతో సరిపెట్టకుండా, బడి లోపల జరిగేదంతా పూసగుచ్చినట్టు రాసి పంపాడు. అంతకుముందే తెలుగుకు వ్యాకరణమూ నిఘంటువూ రాసిన మనిషి ఆయన.

ఆ లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు. కన్నడానివి 235, తెలుగువి 226. ఇంగ్లీషుది ఒకే ఒక్కటి. తొమ్మిది లక్షల పైచిలుకు జనాభాలో చదువుకునేవారు 6,641 మంది, అందులో ఆడపిల్లలు 60 మంది. వీధిబడిని స్వర్ణయుగంగా తలుచుకునేవాళ్లు ఈ చివరి అంకె దగ్గర కాసేపు ఆగాలి.

బడిలో చదువు ఐదో ఏట మొదలయ్యేది. పిల్లవాడు ముందుగా అక్షరాల పేర్లు వల్లించేవాడు కాదు, ఇసుకలో వేలితో రాసేవాడు. ఐరోపాలో ఇలా కాదని కాంబెల్ ప్రత్యేకంగా గుర్తించాడు. చెయ్యి కుదిరాక తాటాకు మీద గంటమో, నల్ల పూత పూసిన కడితం మీద బలపమో చేతికొచ్చేవి. 2012లో అమెరికాలో పరిశోధకులు కరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ సరిగ్గా ఈ వయసు పిల్లలనే, ఇంకా చదవడం రానివాళ్లనే ఎంచుకున్నారు. కొన్ని అక్షరాలు సొంతంగా రాయించారు, కొన్ని గీతల మీద దిద్దించారు, కొన్ని కీబోర్డు మీద నొక్కించారు. తర్వాత ఆ అక్షరాలు చూపిస్తూ మెదడును స్కాన్ చేస్తే, పెద్దవాళ్లు చదివేటప్పుడు పనిచేసే భాగాలు సొంతంగా రాసిన అక్షరాలకే బాగా స్పందించాయి. ప్రయోగం చిన్నదే, పిల్లలు పదిహేను మందే. అయినా మూడేళ్ల బిడ్డకు ఫోనులో అక్షరాలు తాకించి మురిసిపోయే ఇళ్లలో దీన్ని తలుచుకోవచ్చు.

బడిలో పై తరగతివాడు కింది తరగతివాడికి చెప్పేవాడు. అయ్యవారు పెద్దవాళ్లను చూసుకుంటూ అందరిమీదా ఓ కన్నేసేవాడు. చెప్పేవాడికి తన చదువు గట్టిపడుతుందని కాంబెల్ మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనన్నాడు. ఆ అనుకరణ కథ మద్రాసు ఎగ్మూరులో మొదలైంది. అక్కడి అనాథ బాలుర ఆశ్రమాన్ని 1789 నుంచి నడిపిన ఆండ్రూ బెల్, స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన దగ్గరా అదే పెట్టాడు, పిల్లలతోనే పిల్లలకు చెప్పించాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. 'మద్రాసు పద్ధతి' పేరుతో అది ఇంగ్లండంతా పాకింది. అక్కడివాళ్లను ఆకట్టుకున్నది మాత్రం పిల్లల జ్ఞాపకశక్తి కాదు, ఖర్చు తగ్గడం. వందలాది పిల్లలకు ఒక్క పంతులు చాలునన్నారు. చెప్పేవాడికి దక్కే లాభాన్ని పరిశోధకులు చాలా ఆలస్యంగా కొలిచారు. 2014లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో కొందరికి 'మీరు దీన్ని ఇంకొకరికి చెప్పాలి' అన్నారు, మిగతావాళ్లకు 'పరీక్ష ఉంటుంది' అన్నారు. చివరికి ఎవరిచేతా పాఠం చెప్పించలేదు. చెప్పాలనుకుని చదివినవాళ్లకే ఎక్కువ గుర్తుంది.

ఎక్కాల సంగతి ఇంత సూటిగా తేలదు. సాయంత్రం పిల్లలంతా గొంతు కలిపి ఎక్కాలు వల్లించేవారు. చదివిందే మళ్లీ చదవడం కన్నా, చూడకుండా గుర్తుచేసుకోవడం మేలని పరిశోధకులు రోడిగర్, కార్పికీ 2006లో చూపారు: వారం తర్వాత, గుర్తుచేసుకున్నవాళ్లు 56 శాతం చెప్పగలిగితే మళ్లీ చదివినవాళ్లు 42 శాతమే చెప్పారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మాత్రం మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. పరీక్ష ముందు రాత్రి చదువు ఎందుకంత నమ్మకంగా అనిపిస్తుందో, ఎందుకంత తొందరగా జారిపోతుందో ఇక్కడ తెలుస్తుంది. అయితే గుంపులో పెదవులు కదిపినవాడు ఏదీ గుర్తుచేసుకోడు. పక్కవాడి గొంతు వాణ్ణి దాటించేస్తుంది.

పద్యాల విషయంలో కాంబెల్ నిర్మొహమాటంగా మాట్లాడాడు. వాడుకకు దూరమైన భాషలో ఉన్న పద్యాలను పిల్లలు చిలకల్లా అప్పజెబుతారు, చాలామంది పంతుళ్లకూ అర్థం తెలియదు అన్నాడు. అలాగని బట్టీ వృథా అని కొట్టిపారెయ్యలేం. యజుర్వేదం కంఠస్థం చేసిన 21 మంది పండితుల మెదళ్లను మనేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం స్కానరులో చూశారు. 2016లో వెలువడిన ఫలితాల్లో భాషకూ జ్ఞాపకానికీ సంబంధించిన భాగాల్లో మిగతావాళ్లతో పోలిస్తే తేడాలు కనిపించాయి. అది ఏళ్ల తరబడి రోజూ గంటలకొద్దీ సాగే సాధన. పదో తరగతి గైడు బట్టీకి ఆ గొప్ప అంటగట్టలేం.

ఇక దండన. పొద్దున్నే మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా, మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ వెనక ఒక్కొక్కటీ పెంచుతూ పోవడమే. సోమరికి కోదండం, గుంజిళ్లు. ఇలాంటి భయం జ్ఞాపకాన్ని ఏం చేస్తుంది? 1968లో బ్రూస్ మెక్‌ఇవెన్ బృందం ఎలుకల మెదడు మీద చేసిన పరిశోధనలో, ఒత్తిడి హార్మోను జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్‌లో చేరుతున్నట్టు తేలింది. తీవ్రమైన ఒత్తిడిలో తెలిసిన విషయమే గుర్తురాదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. మన దేశంలో విద్యాహక్కు చట్టం 2009లో బడిలో దెబ్బలను నిషేధించింది.

బడులు ఎందుకు మూతపడుతున్నాయో కూడా కాంబెల్ దాచలేదు. ఇంగ్లండు బట్ట వచ్చి నేతగాళ్ల రాబడి పడిపోయింది, బడి జీతం కట్టలేక పిల్లల్ని మాన్పిస్తున్నారు అన్నాడు. పెద్దకడుబూరు వైపు ఇప్పుడు పిల్లల్ని బడికి దూరం చేసేది సుగ్గి వలస. వానలు ముఖం చాటేశాక కుటుంబాలకు కుటుంబాలే మిరప కోతకు గుంటూరు వైపు వెళతాయి. పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెడుతున్నా, అమ్మానాన్నల వెంట వెళ్లేవాళ్లు ఉంటూనే ఉంటారు. నెలల తర్వాత వచ్చిన బిడ్డ అంతా మరిచిపోయినట్టే కనబడతాడు. కానీ మరపును మొదటిసారి కొలిచి 1885లో ఫలితాలు ప్రచురించిన జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ లెక్కల్లో ఇంకో సంగతీ ఉంది. పూర్తిగా పోయిందనుకున్న పాఠాన్ని రెండోసారి నేర్వడానికి మొదటిసారి కన్నా తక్కువ సమయమే పట్టింది. అలాంటి బిడ్డను తరగతి చేరుకున్న పాఠంలోకి ఒక్కసారిగా తోసేయడమూ, ఓనమాల దగ్గర కూర్చోబెట్టడమూ రెండూ పొరపాటే. తనకేం గుర్తుందో ముందు వాడి నోటితోనే చెప్పించాలి. కొత్త పాఠం అక్కణ్ణించి అందుకోవాలి.